తలుపు దాకా నడిచిన కోడలు

మొన్న మధ్యాహ్నం కలకత్తా టాలీగంజ్‌లో ఎడిటింగ్ గదిలో కూర్చున్నాం. తెర మీద ఒకావిడ వంటింట్లోంచి లేచి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వీధి తలుపు వైపు నడుస్తోంది. బయట వాన. ఎవరో తలుపు తడుతున్నారు. ఆవిడ నడుస్తూనే ఉంది. పాలు పొంగబోతే వెనక్కి వెళ్ళి దింపింది, వసారాలో ఆరేసిన బట్టలు తీసి లోపల పడేసింది, తులసికోట దగ్గర కాసేపు ఆగింది, మళ్ళీ నడిచింది. మా ఎడిటర్ అమ్మాయి చల్లారిపోయిన చాయ్ ఒక గుక్క మింగి, కుర్చీ నా వైపు తిప్పి, "దీదీ, ఈవిడ అసలు తలుపు తీస్తుందా?" అని అడిగింది. తీయదన్నాను. ఆ పిల్ల తెర వైపు తిరిగి, నిర్మాతగారు పొద్దున్నించి రెండుసార్లు ఫోన్ చేశారని మాత్రం చెప్పింది. ఆయన బాధ ఆయనది. మేము సినిమాగా తీస్తున్నది ఎప్పటిదో ఒక బెంగాలీ నవల. ఓడ మీద పనికి వెళ్ళి ఏళ్ళ తరబడి తిరిగిరాని మనిషి కోసం ఎదురుచూసే ఒక కోడలి కథ. నవలలో ఆ తలుపు మరుసటి వాక్యంలోనే తెరుచుకుంటుంది. నా సినిమాలో తెరుచుకోకుండానే కథ అయిపోతుంది. జనం టికెట్ కొనేది తలుపు చెక్కలు చూడ్డానికా అని నిర్మాత వాదన. నాకు మాత్రం ఆ పిల్ల ప్రశ్నకి నవ్వొచ్చింది. సరిగ్గా ఆ ప్రశ్నే, ఆ కోడలి గురించే, నా చిన్నప్పుడు రేవు పక్క వాట్‌గంజ్‌లో కుళాయి దగ్గర విన్నాను, మా శ్రీకాకుళం యాసలో, బిందెల చప్పుడు మధ్య.

సినిమాలు తీసేవాళ్ళని ఎక్కడికి పిలిచినా ఒక ప్రశ్న తప్పదు. మీ మీద ఎవరి ప్రభావం ఉంది? నేనూ అందరిలాగే పెద్దపెద్ద పేర్లు చెబుతాను. కలకత్తా వాళ్ళ పేరు ఒకటి, విదేశీ పేరు ఒకటి, మధ్యలో ఎవరూ వినని పేరు ఇంకొకటి. అడిగినవాళ్ళు తల ఊపి రాసుకుంటారు. అవి అబద్ధాలని కాదు, వాళ్ళందరి దగ్గరా ఏదో ఒకటి నేర్చుకున్నాను. కానీ వాళ్ళ సినిమాలు చూసేనాటికే నా బుర్ర తయారైపోయింది. దాన్ని తయారుచేసింది మా మేనత్త. ఆవిడకి ఏ భాషలోనూ అక్షరం రాదు, సినిమా హాలుకి వెళ్ళిందంటే మొదటి పాటకే నిద్రపోయేది.

మేనత్త మా నాన్నకి చెల్లెలు. నాన్న శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి, ఓడలు ఆగే ఖిదిర్‌పూర్ డాకులో బస్తాలు మోసేవాడు. అత్తకి పెళ్ళి చేసి, మొగుడితో పాటు ఇక్కడికే రప్పించాడు. ఆ మావయ్యకి మోతపని నచ్చలేదు. ఓడ మీద కలాసీగా చేరతానన్నాడు, చేరాడు, వెళ్ళాడు. పెళ్ళయి అప్పటికి ఏడాదైనా తిరగలేదు. తర్వాత ఆయన ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కాడని ఒకరు చెప్పారు, ఎక్కడో రేవులో ఉండిపోయాడని ఇంకొకరు చెప్పారు, కొన్నాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పడం మానేశారు. ఇదంతా నేను పుట్టకముందు సంగతి. నాకు తెలిసేనాటికి అత్త మా గదిలో ఒక మనిషి, నాన్నకి అన్నం వడ్డించేటప్పుడు అమ్మతో పోటీ పడే మనిషి. నుదుట బొట్టు తీయలేదు. ఎవరూ తీయమని అడగనూ లేదు.

అత్త ఒక బెంగాలీవాళ్ళ ఇంట్లో వంటపనికి వెళ్ళేది. ఆ ఇంట్లో ముసలావిడకి చూపు మందగించింది. ఆవిడకి నవలల పిచ్చి. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ కోడలు మంచం పక్కన కూర్చుని వారపత్రికలో వచ్చే సీరియల్ బయటికి చదివేది. వంటింటి గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూ అత్త అంతా వినేది. బడికి సెలవులైతే నన్నూ తీసుకుపోయేది కాబట్టి ఆ చదువు నేనూ విన్నాను. కోడలు మెల్లగా, కాస్త ముక్కుతో చదివేది. ముసలావిడ వింటూ వింటూ మధ్యలో "అయ్యో, మా ఆయన కూడా అచ్చం ఇంతే" అనేది, ఆయన ఎదురుగా వరండాలోనే కూర్చున్నా సరే. చేప పులుసు వాసన, పాత కాగితం వాసన, వేప చెట్టు మీంచి వచ్చే గాలి. నాకు నవల అంటే ఇప్పటికీ ముందు చేపల వాసనే వస్తుంది.

ఆ సాయంత్రమే ఆ కథ మా వాడకి చేరేది. వాడ మొత్తానికి ఒకటే కుళాయి. నీళ్ళు సాయంత్రం వస్తాయి, ఎప్పుడని ఖచ్చితంగా ఎవరికీ తెలియదు. అందుకని ఆడవాళ్ళు ముందే వచ్చి బిందెలు వరసలో పెట్టి కూర్చునేవారు. అత్త బిందె బోర్లించి దాని మీద కూర్చునేది. "తార్‌పొర్ ఏటైందే అప్పా?" అని ఎవరో మొదలుపెట్టేవారు. తర్వాత అనడానికి బెంగాలీ మాట, అక్కని అప్పా అనడంతో సహా మిగతాదంతా మనది, మా వాడ భాష అలాగే ఉండేది. ఇక అత్త ఎత్తుకునేది. నీళ్ళు వచ్చేదాకా కథ. కుళాయిలో గుడగుడమని గాలి చప్పుడు వినబడిందంటే ఎంతటి ఘట్టమైనా అక్కడితో ఆగిపోవాల్సిందే. చావబోతున్నవాడు చావకుండా, ఏడుస్తున్నది ఏడుస్తూ, అందరూ మర్నాటిదాకా అలాగే ఉండిపోయేవారు. నా సినిమాల్లో సన్నివేశాలు అర్ధంతరంగా తెగిపోతాయని, అది ఫలానా దేశపు శైలి అని ఒక విమర్శకుడు రాశాడు. నీళ్ళొచ్చేశాయి బాబూ అని ఆయనతో చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

అత్త కథలో ఎవరికీ పేర్లుండేవి కావు. బెంగాలీ పేర్లు ఆవిడ నోరు తిరక్క కాదు, అక్కర్లేక. పెద్దకోడలు, చిన్న మరిది, మేనమామ, ఆ ఇంటి ముసిల్ది, అంతే. బంధుత్వం తెలిస్తే ఎవరు ఎవరి మీద కోపంగా ఉంటారో వినేవాళ్ళకి చెప్పకుండానే తెలిసిపోతుంది. నవలలో ఏ నది ఉన్నా అత్త దగ్గరికి వచ్చేసరికి వంశధార అయిపోయేది. నేతిలో వేయించిన లూచీలు తినే జమీందారు గంజిలో ఉల్లిపాయ నంచుకునేవాడు. వర్ణనలు ఎగిరిపోయేవి, కానీ ఎవరైనా అలిగితే ఆ అలక మూడు సాయంత్రాలు నడిచేది. నవలని సినిమాగా తీయడం గురించి నాకు తెలిసిందంతా ఇంతే. నవల ఒకసారి చదువుతాను. తర్వాత పుస్తకం ఎవరికైనా ఇచ్చేస్తాను, మళ్ళీ అడగను. దాన్ని కథగా మా డ్రైవరుకి చెబుతాను, మేకప్ చేసే ఆవిడకి చెబుతాను, రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చెబుతాను. ఎక్కడ వాళ్ళ చూపు కిటికీ మీదికి పోతుందో అక్కడ కొట్టేస్తాను. ఎక్కడ వాళ్ళు అనుకోకుండా "ఆ తర్వాత?" అంటారో అక్కడ కెమెరా పెడతాను. చెప్పగా చెప్పగా నా దగ్గర మిగిలిందే స్క్రీన్‌ప్లే. రచయితలకి నా మీద కోపం రావడంలో తప్పేమీ లేదు.

ఇక ఆ ఓడ మనిషి కోడలి కథ. అది ఒక వానాకాలం సీరియల్‌గా వస్తోంది. వాడలో సగం ఇళ్ళ మొగాళ్ళకి ఓడలతోనే పని కాబట్టి ఆ కథకి జనం ఎక్కువ. బిందె నిండినవాళ్ళు కూడా నిలబడేవారు. ఒక వారం కథ తలుపు దగ్గర ఆగింది. వానలో ఎవరో తలుపు తట్టారు, కోడలు చేతులు తుడుచుకుని లేచింది, మిగతా వచ్చేవారం. ఆ వారం మధ్యలోనే ముసలావిడ పోయింది. కర్మలకి నేనూ అత్తతో వెళ్ళి మిఠాయి తిని వచ్చాను కాబట్టి నాకు గుర్తే. వినేవాళ్ళు పోయాక ఆ ఇంట్లో చదివేవాళ్ళూ చదవడం మానేశారు. చదివిపెట్టమని యజమానురాలిని అడిగే అలవాటు అత్తకి లేదు. ఇక ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం కుళాయి దగ్గర వాడంతా కూర్చుని ఉంది, తలుపు తట్టింది ఎవరో చెప్పమంటోంది.

చదువు ఆగిపోయిందని అత్త ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అత్త బిందె మీద కూర్చుని, కోడలు లేచింది అంది. లేచిందా, పొయ్యి మీద పాలున్నాయి, దించడానికి వెనక్కి వెళ్ళింది. మర్నాడు వసారాలోకి వచ్చింది, వాన జల్లుకి బట్టలు తడుస్తున్నాయి, తీసింది. ఆ బట్టల్లో మొగుడి పాత చొక్కా ఉంది, దాని కథ రెండు సాయంత్రాలు. ఆ పైన అత్తగారు పిలిచింది. చూరు కింద పిచ్చుక గూడు జారింది. ఒక మనిషి వంటింట్లోంచి వీధి తలుపు దాకా నడవడానికి అన్ని రోజులు పట్టవచ్చని, ఆ కాస్త దూరంలో ఒక కాపరం మొత్తం పట్టేస్తుందని నేను అక్కడే నేర్చుకున్నాను. వినేవాళ్ళకి మాత్రం ఓపిక చచ్చిపోతోంది. ఎదురుగదిలో ఒక పిన్ని ఉండేది, మొగుడు క్రేను నడిపేవాడు, ఆవిడ నోరు ఆ క్రేను కన్నా ఎక్కువ బరువులు ఎత్తేది. "ఓలప్పా, మీ కోడలు తలుపు కాడికెల్లేసరికి ముసిల్ది అయిపోద్దే!" అంది ఒకరోజు. అందరూ విరగబడి నవ్వారు. అత్త తొణకలేదు. "వానకి గచ్చు జారుతున్నాది. బేగి నడిస్తే పడిపోదేటి?" అంది.

ఇంకో సాయంత్రం పిన్ని ఊరుకోలేకపోయింది. "వొచ్చినోడు మొగుడే గదేటి? ఇంకెవులుంటారు? తియ్యమనే అప్పా ఆ తలుపు!" అని గట్టిగా అడిగేసింది. అత్త కుళాయి వైపు చూసి, "నీల్లొచ్చినట్టున్నాయి" అని లేచి బిందె తిరగేసింది. నీళ్ళు రాలేదు. గాలి చప్పుడైనా లేదు. అయినా అందరూ లేచి తమ తమ బిందెలు సర్దుకున్నారు. మా అమ్మ పిన్ని వైపు ఒక్క చూపు చూసింది, పిన్ని తల దించుకుంది. మర్నాడు అందరికన్నా ముందు పిన్నే వచ్చి, బిందె పెట్టి, ఏమీ జరగనట్టు, "అప్పా, ఆ కోడలు రెండోసారి పొయ్యి మీద పాలెట్టినాది గదా. పొంగిపోనాయేటి?" అని అడిగింది. అత్త ముఖం విప్పారింది. ఆ రోజు నుంచి మా వాడలో ఎవరూ తలుపు ఊసెత్తలేదు. పాల గురించి, పిచ్చుక గురించి, చొక్కా గుండీల గురించి అడిగారు. అంత మర్యాద గల ప్రేక్షకుల్ని నేను మళ్ళీ ఏ ఊళ్ళోనూ చూడలేదు. వానలు వెనకబట్టాక వాడకి ఇంకో కుళాయి వేశారు, వరస రెండుగా చీలింది, నీళ్ళ కోసం ఎదురుచూసే పని తగ్గింది. కథ కూడా అలాగే సన్నగిల్లి ఆగిపోయింది. కోడలు వసారాలోనే ఉండిపోయింది.

పెద్దయ్యాక కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల కొట్టు దగ్గర ఆ నవల నా చేతికి దొరికింది. నిలబడే ఆ పేజీ వెతికాను. చదివి, పుస్తకం కొనుక్కుని, ట్రామెక్కాను. అత్తకి చెప్పాలా వద్దా అని ఆ రోజు మొదలుపెట్టిన ఆలోచన ఏళ్ళ తరబడి ఆలోచనగానే ఉండిపోయింది. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. పైగా నాకు ఒక నమ్మకం కుదిరిపోయింది. అత్త కావాలనే ఆ తలుపు తీయలేదని, తీస్తే కథ చచ్చిపోతుందని ఆవిడకి తెలుసునని. తీయని తలుపు గురించి నేను ఎన్ని సభల్లో మాట్లాడానో! విదేశాల్లో ఒక చిత్రోత్సవంలో ఆ మాట చెబితే చప్పట్లు కొట్టారు. ఈ సినిమా ఆవిడ కోసమే తీస్తున్నానని, ఆవిడ ముగింపే ముగింపని, అందుకే నిర్మాత ఎంత మొత్తుకున్నా వినేది లేదని పట్టుబట్టి కూర్చున్నాను.

ఎడిటింగ్ గదిలో ఆ ప్రశ్న విన్నాక అత్తని చూడాలనిపించింది.  ఆ కుళాయి చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది అత్త, నేను. అమ్మ లేదు, పిన్ని లేదు, వాడ ఉన్నచోట మేడలు లేచాయి. ఆదివారం ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. అత్త మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది, కిటికీ పక్క మంచం ఆవిడది. బాగా ముసలిదైపోయింది. తల పండిన నన్ను ఇప్పటికీ చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అనే పిలుస్తుంది, తమ్ముడి మనవరాలు అది విని ప్రతిసారీ నవ్వుతుంది. అన్నం తిన్నావా, ఎందుకలా చిక్కిపోయావు అన్నీ అయ్యాక, "ఇప్పుడేటి తీస్తన్నావే?" అంది.

"ఆ తలుపు కాడికెల్లే కోడలి కతే అత్తా" అన్నాను.

అత్త కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. "అది పుస్తకంలో ఉన్నాదేటి ఇంకా?"

"ఉన్నాది."

"అందులో తలుపు తీసినాదా?"

తీసిందన్నాను.

"ఎవులొచ్చినారు?"

ఇన్నేళ్ళూ నేను దాచుకున్నది ఆ ఒక్క మాటే. అబద్ధం చెప్పొచ్చు, సులువే, కథలు చెప్పడమే నా పని. కానీ ఆవిడ నా కళ్ళలోకి చూస్తోంది. "మొగుడే అత్తా. తలుపు తీసీసరికి ఎదురుగా నిలబడున్నాడు" అన్నాను. ఏడుస్తుందేమోనని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఏడవలేదు.

"పోల్చినాదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"అన్నేల్లయ్యాక సూసింది గదే. ఈడే నా మొగుడని పోల్చీసినాదా?"

"పోల్చీసినాదత్తా. కాల్లకి నీల్లు కూడా ఇచ్చినాది."

"అదురుష్టం" అంది అత్త. నిజంగా సంతోషంగానే అంది, చుట్టాలావిడకి మంచి జరిగినట్టు. తర్వాత నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నాకు మీ మావ మొకం రానేదే గుంటా. తలుపు తీద్దారనే రోజూ అనుకునీదాన్ని. తీస్తే ఎవుల్ని నిలబెట్టాల? ఎల్లిపోయిన రోజు ఆ మనిసి ఈపు సూసినాను. ఆ ఈపే గుర్తు. ఫొటో ఏటైనా ఉన్నాదా అంటే నేదు. మొకం ఎంత పిలిచినా రానేదు. అందుకే దాన్ని పాల కాడికీ బట్టల కాడికీ తిప్పినాను, ఈలోగా గుర్తుకొస్తాడేమోనని."

 నేను దేశదేశాలు తిరిగి గొప్ప కళ అని చెప్పుకున్నది ఇదన్నమాట. పాపం, ఒక మనిషి ముఖం వెతుక్కుంటూ ఆవిడ వానాకాలమంతా వాడకి కథ చెప్పింది. పిన్నికి అర్థమైందో లేదో ఇప్పుడు అడగడానికి పిన్ని లేదు. అత్త నా మణికట్టు నిమురుతూ, "నువ్వు సిన్మాలో సూపిత్తావా, ఆ వొచ్చినోడి మొకం?" అని అడిగింది. చూపించననడం ఎలాగో తెలియక ఆవిడ దుప్పటి సర్దాను.

"సూపించే. ఎవుల్దైనా పర్నేదు" అంది. "నానూ సూత్తాను."

మర్నాడు నిర్మాతకి ఫోన్ చేసి తలుపు తీస్తున్నామని చెప్పాను. తన వాదనే నెగ్గిందనుకుని ఆయన పొంగిపోయాడు, పొంగనీ. ఎడిటర్ అమ్మాయి ఇంకో రోజు షూటింగ్ పెట్టుకోవాలంది, ఎవరిని పెడదామని అడిగింది. నాకు తెలియదన్నాను. పేరున్న నటుల ఫొటోలు పంపారు, ఒక్కరూ నచ్చలేదు. వారం రోజులుగా ఖిదిర్‌పూర్ రోడ్డు మీద బస్సు దిగేవాళ్ళని, డాకు గేటులోంచి బయటికి వచ్చే మొగాళ్ళని కారు ఆపి మరీ చూస్తున్నాను. ఇతనేమో, ఇతనేమో అని ప్రతి ముఖం దగ్గరా ఆగుతున్నాను. పెళ్ళినాటి మావయ్య వయసు కుర్రాడిని చూస్తే చాలు, నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కాలం మావయ్య ముఖాన్ని ఎప్పుడో తీసుకుపోయింది, ఎదురుచూపుని మాత్రం అత్త దగ్గరే మరిచిపోయి వెళ్ళింది.